ఆయన చెప్పిన ధర

హామిల్టన్‌లో చదువుకునే రోజుల్లో నాకు క్యాష్ కౌంటర్ పని నేర్పిన పెద్దాయన పోయిన వారం కన్నుమూశారు. అప్పటి మేనేజర్ మెసేజ్ పెట్టింది. ఆయనకు నువ్వంటే ఇష్టం అని కూడా రాసింది. అక్కడిదాకా చదివి ఫోన్ బోర్లా పెట్టేశాను.

అది పాత సామాన్లు అమ్మే దుకాణం. ఆయన లండన్ వీధుల్లో పెరిగి, నడివయసులో కెనడా వచ్చారు. లండన్‌లో పౌండ్లను అన్నట్టు డాలర్లను కూడా క్విడ్ అనేవారు. ఐదు నోటు ఫైవర్, పది నోటు టెన్నర్, ఇరవై ఐదైతే పోనీ. మా తెలుగులో పోనీ అంటే 'వదిలెయ్' అని నేను చెబితే ఎంత మురిసిపోయారో. ఆ తర్వాత ఎవరైనా బేరమాడి ధర తగ్గించుకుంటే, "పోనీ" అని నా వైపు చూసి నవ్వేవారు. చిల్లర లెక్కపెడుతూ నేను కంగారుపడితే, "మెల్లగా. లైన్ ఎక్కడికీ పారిపోదు" అనేవారు.

ఒక శనివారం ఎవరో ఒకావిడ పెద్ద చెక్క బీరువా ధర అడిగింది. ఆయన నా వైపు చేయి చూపించి, "దట్స్ ఎ మంకీ" అన్నారు. ఆవిడ నవ్వింది. బీరువా నా వెనకే ఉందన్న సంగతి నాకు తట్టలేదు. ఒళ్లు మండిపోయింది. ఇంటికెళ్లి చెబితే మా రూమ్మేట్, "ఊకుంటే రేపు ఇంకోటంటడు. కంప్లైంట్ ఇయ్యి" అంది. ఇచ్చాను.

ఆయన్ను వెనక గదిలో సామాన్లు తుడిచే పనికి మార్చారు. రెండు రోజులకు మేనేజర్ నన్ను పిలిచింది.

"కనుక్కున్నాను. లండన్‌లో ఐదు వందలను మంకీ అంటారట. ఆయన చెప్పింది బీరువా ధర. కంప్లైంట్ వాపసు తీసుకుంటావా?"

సరే అంటే అయిపోయేది. కానీ నా తెలివితక్కువతనం అందరికీ తెలిసిపోతుందని భయం. "ఏదేమైనా నాకు బాధ కలిగింది" అన్నాను. ఆమె ఇక అడగలేదు. ఆయన పని వెనక గదిలోనే ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఆయనే నా దగ్గరికి వచ్చారు. "తప్పు నాదే. అన్ని మాటలూ నేర్పి, ఆ ఒక్కటీ నేర్పలేదు" అన్నారు.

"ఇట్స్ ఓకే" అన్నాను, నేనే క్షమిస్తున్నట్టు.

ఇంకో ఏడాది అక్కడే పనిచేశాను. సారీ చెప్పాలనుకునేవాళ్లకు ఏడాదిలో ఎన్ని రోజులుంటాయో మీకు తెలుసు.

ధర చీటీలు అంటించిన కప్పులు, పళ్లేలు ట్రాలీలో సర్దుకుని ఆయన మెల్లగా తోసుకుంటూ వచ్చేవారు. దుకాణంలోకి తెరుచుకునే తలుపు దగ్గర ఆగిపోయేవారు. గడప దాటేవారు కాదు. నేను వెళ్లి అందుకునేదాకా, కప్పులు దొర్లిపోకుండా ఒక చెయ్యి అడ్డంపెట్టి అలాగే నిలబడేవారు.