వంక దాటిన ఎర్రలైటు

పిల్లల మీద ఒట్టు పెట్టుకోకూడదంటుంది మా అమ్మ. అందుకే పెట్టడం లేదు. కానీ ఇది జరిగింది. నాకే జరిగింది. ఇప్పుడు కూడా బయట వాన పడుతోంది... పాప నా పక్కనే నిద్రపోతోంది.

పోయిన ఏడాది తుఫాను రోజులు. పాపకు అప్పుడు ఐదో నెల. పుంగనూరులో మా ఆడబిడ్డ ఇంటి నుంచి స్కూటరు మీద మదనపల్లెకు బయలుదేరాం. "ఈ రాత్రికి ఉండిపోదాం" అన్నాను. మావారు వినలేదు. పొద్దున్నే అంగడి తెరవాలట.

సగం దారిలో గాలివాన పట్టుకుంది. హెడ్‌లైటు ముందు నీటి తెర తప్ప ఏమీ లేదు. పాప నా కొంగులో, దాని మీద దుప్పటి, దాని మీద ప్లాస్టిక్ పట్ట.

అప్పుడు కనిపించింది... ముందర ఒక ఎర్రలైటు.

వానలో దారి తెలియకపోతే మా వైపు అందరూ టమోటా లారీ వెనకే బండి పెట్టేస్తారు. రోజూ మార్కెట్టుకు తిరిగే డ్రైవర్లకు ప్రతి గుంతా తెలుసని నమ్మకం.

"దేవుడే పంపినాడు. లారీ పోతాండాది సూడు!" అన్నారు మావారు.

ఆ వెలుగు వెనకే వెళ్లాం. మేం నెమ్మదిస్తే అదీ నెమ్మదించేది.

వంక దగ్గర రోడ్డు మీద నీళ్లు పారుతున్నాయి. ఎర్రటి నీళ్లు. హోరు... లైటు ఆగలేదు. నీళ్లలోకి దిగింది. నిదానంగా... ఊగకుండా... అవతలి గట్టు ఎక్కింది.

"లారీ పోయిందంటే రోడ్డు గట్టిగానే ఉండాది. పట్టుకో."

ముందు చక్రం నీళ్లలోకి దిగింది. నా పాదాలు తడిశాయి. అప్పుడు... ఏదో లేదనిపించింది. ఏమిటో వెంటనే తెలియలేదు.

వాన చప్పుడు ఉంది. వంక హోరు ఉంది. మా స్కూటరు దగ్గు ఉంది.

లారీ చప్పుడు లేదు.

అంత బరువు బండి నీళ్లు చీల్చుకుంటూ పోతే... ఏ చప్పుడూ లేదు.

"ఆపండి! లారీ సప్పుడేది?"

"ఈ హోరులో ఏం ఇనిపిస్తాది? బీకాం సదివినావు, మోకాలి లోతు నీళ్లకు భయపడతావా?"

దిగేశాను. పాపను గుండెకు అదుముకుని వెనక్కి నడిచాను.

"మీరు పోండి. నా బిడ్డను మాత్రం ఈ నీళ్లలోకి తేను."

ఆయన తిట్టుకుంటూ బండి వెనక్కి లాగారు.

అవతల గట్టు మీద లైటు ఆగింది. కదల్లేదు. మా కోసం నిలబడినట్టు...

మెరిసింది. ఆ మెరుపులో చూశాను. వంక మధ్యలో రోడ్డు లేదు. తెగిన తారు అంచు మీద నుంచి నీళ్లు లోపలికి పడిపోతున్నాయి.

మళ్లీ చీకటి. లైటు లేదు.

వెనక్కి నడుస్తుంటే రోడ్డు పక్క ఇంట్లోంచి ఒక అవ్వ లాంతరు పట్టుకుని ఎదురొచ్చింది.

"అరిసి అరిసి గొంతు పోయింది గదమ్మా! పసిబిడ్డను ఎత్తుకోని యాడికి పోతాండారు? పొద్దు మునిగేటప్పుడే రోడ్డు తెగిపోయింది. కంప అడ్డమేస్తే గాలికి కొట్టుకోనిపాయ."

"లారీ ఎనకాలే పోతాంటిమి అవ్వా," అన్నారు మావారు.

"యా లారీ నాయనా? నేను వాకిట్లోనే కూసోనుండాను. మీ స్కూటరొక్కటే పోయింది."

మావారు నా వైపు చూశారు.

కరెంటు తీగలు తెగి పడుంటాయని, తెల్లవారేదాకా అవ్వ మమ్మల్ని గడప దాటనివ్వలేదు. రాత్రంతా పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూ కూర్చున్నాను.

ఆ లైటు మమ్మల్ని రమ్మందో, ఆగమందో... నాకిప్పటికీ తెలియదు. మావారు మాత్రం అది లారీయే అంటారు.

"అవ్వ కునుకు తీసుంటాది. నీళ్లలో దిగేటప్పుడు టమోటా వాసన గుప్పున కొట్టలా?"

నేను వాదించను. ఆ వాసన నాకూ వచ్చింది.

కానీ ఆ రాత్రి గాలి ముందు నుంచి వీయలేదు. మా వీపుల మీద కొట్టింది. ఆ వాసన వచ్చింది వెనక నుంచి.