ఉత్తరువు ఇవ్వని బానెట్

ధర్మపురి బైపాస్ మీద తిరుమలేశ్ టింకరింగ్ షెడ్డు ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు, చూపిస్తూ నవ్వుతారు కూడా. రేకు కోసే ముందు దాని మీద పసుపు నీళ్ళు చల్లి ఉత్తరువు అడిగే మనిషి ఈ చుట్టుపక్కల అతనొక్కడే మరి.

వాళ్ళది పాపిరెడ్డిపట్టి పక్క మేకలు కాసిన ఇల్లు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తండ్రి చిక్కణ్ణ, ఊరి దేవర జాతర నాడు బలిచ్చే మేక వీపున పసుపు నీళ్ళు పోసి, అది ఒళ్ళు విదిలించేదాకా కదలకుండా నిలబడేవాడు. విదిలిస్తే ఉత్తరువు ఇచ్చినట్టు. లేదంటే ఎంత పొద్దయినా సరే, కత్తి ఎత్తనిచ్చేవాడు కాదు. తిరుమలేశ్‌కు మేకలు అబ్బలేదు గానీ ఈ పట్టింపు అబ్బింది. రేకు ఎక్కడైనా విదిలిస్తుందా అంటారా? పక్కన కంప్రెసర్ ఆడుతుంటే స్టాండు మీది రేకు అదురుతుంది, నీళ్ళు జారిపోతాయి. అతనికి అదే ఉత్తరువు. ఆ మాత్రం మోసాన్ని దేవుడు చూసీచూడనట్టు పోతాడని అతని ధీమా.

పదకొండేళ్ళ కింద ఒక స్పోర్ట్స్ కారు బానెట్ మీద నీళ్ళు నిలిచిపోయాయి. కరెంటు లేక కంప్రెసర్ ఆగిపోయింది. తమ్ముడు రాజేంద్రన్ నవ్వి, వేలి కణుపులతో రేకును టకటకా కొట్టాడు. బొట్లు జారాయి. "ఇచ్చేసింది లేన్నా, కానీ" అన్నాడు. తిరుమలేశ్ కూడా నవ్వి, కరెంటు రాగానే పని కానిచ్చాడు. సాయంత్రం ఆ కారును ట్రయల్‌కు తీసుకుపోయింది రాజేంద్రనే. తొప్పూరు ఘాట్ దిగుతుంటే లాక్ ఊడి, బానెట్ లేచి అద్దం మీద పడింది. రాజేంద్రన్ ఇంటికి రాలేదు. ఆ లాక్ బిగించే పలకను సుత్తితో సరిచేసి అతికించింది అన్నే. ఆ రోజు వాడిన సుత్తిని తిరుమలేశ్ బావిలో పారేశాడు. అప్పటినుంచి తలుపులు చేశాడు, మడ్‌గార్డులు చేశాడు, బానెట్ వస్తే మాత్రం వేరే షెడ్డుకు పంపించేశాడు.

పోయిన నెల రక్ష ఎర్ర స్పోర్ట్స్ కారులో వచ్చింది. హోసూరు పిల్ల, ట్రాక్ మీద రేసులు తోలుతుంది. "వేగం పెరిగితే ముందు భాగం తేలిపోతా ఉందన్నా. వంపులో స్టీరింగ్ తిప్పినా కారు తిరగదు. పోయినసారి గోడకు కొట్టుకునేది, తప్పింది."

విషయం తిరుమలేశ్‌కు వెంటనే అర్థమైంది. రేడియేటర్ గుండా దూరిన గాలి బయటపడే దారిలేక బానెట్‌ను పైకి నెడుతోంది. రేడియేటర్ వెనకగా రేకులో చీలికలు కోస్తే గాలి పైకి పోతుంది, ముందు టైర్లకు పట్టు దొరుకుతుంది.

"బానెట్లు నేను చేయను తల్లీ."

"నువ్వు చేయకుంటే ఆదివారం రేసులో ఇట్లనే తోలతాను."

ఆ మాటకు అతను ఒప్పుకున్నాడు. ఇంకొకరి చావు కూడా తన గుమ్మం తొక్కి పోతుందేమోనని భయపడ్డాడు.

ఎక్కడ కోయాలో గాలే చెప్పాలి. బానెట్ నిండా ఉన్ని పోగులు అంటించి, రక్ష తోలుతుంటే పక్కన కూర్చుని చూశాడు. పోగులన్నీ అద్దం వైపు వాలాయి. లాక్ దగ్గరి రెండు పోగులు మాత్రం నిటారుగా నిలబడ్డాయి. గాలి అక్కడ సుడి తిరుగుతోంది కాబోలనుకున్నాడు. షెడ్డుకొచ్చి కారు ఆపారు. మిట్టమధ్యాహ్నం, ఆకు కదలడం లేదు. మిగతా పోగులన్నీ రేకు మీద పడిపోయాయి. ఆ రెండూ ఇంకా నిలబడే ఉన్నాయి.

బానెట్ విప్పి స్టాండు మీద పెట్టి పసుపు నీళ్ళు చల్లాడు. కంప్రెసర్ ఆడుతోంది. స్టాండు అదురుతోంది, కింద బోల్టుల డబ్బా గలగలమంటోంది. రేకు మీది బొట్లు మాత్రం పడిన చోటే ఉన్నాయి.

కంప్రెసర్ ఆపేసి, వంగి టార్చితో అడుగున చూశాడు. లాక్ పలక చుట్టూ పాత సుత్తి దెబ్బలు. ప్రతి దెబ్బలోనూ అంచున ఒక చిన్న గంటు. అది అతను బావిలో పారేసిన సుత్తి మొహాన ఉండిన గంటు.

"ఈ బానెట్ ఎక్కడిది తల్లీ?"

"కారు బెంగుళూర్లో కొన్నాను. బానెట్ మాత్రం ముందు ఓనరు పాత సామాన్ల అంగడి నుంచి తెచ్చి వేసినాడంట. ఏమన్నా?"

తమ్ముణ్ణి చంపిన రేకు, వంకర తీయించుకుని, రంగు మార్చుకుని, మళ్ళీ అతని చేతికే వచ్చింది. భయమేసింది. అంతకంటే ఎక్కువ సిగ్గేసింది.

అతని పట్టింపు గురించి రక్ష కూడా విని ఉంది. నవ్వి, వేలి కణుపులతో రేకును టకటకా కొట్టింది. "ఇచ్చేసింది లేన్నా, కానీ."

బొట్లు కదల్లేదు.

"చేయి తీయి," అన్నాడు తిరుమలేశ్. జరిగిందంతా చెప్పాడు. "ఇది నా తమ్మున్ని తినింది. అప్పుడూ ఇది ఒప్పుకోలేదు, మేమే ఒప్పించుకున్నాము. వేరే బానెట్ తెప్పిస్తాను, దానికి చీలికలు పెడతాను. ఆదివారం మాత్రం తోలొద్దమ్మా." రక్ష మొహంలో నవ్వు పోయింది. సరేనన్నట్టు తల ఊపింది.

అతను చెంబు ఎత్తి రేకు మీద మళ్ళీ నీళ్ళు పోశాడు. "నిన్ను అడ్డంగా కోసేస్తాను. ఇంక ఎవురి కారు మీదికీ ఎక్కవు. ఉత్తరువు ఇయ్యి."

షెడ్డులో ఒక్క మెషిన్ కూడా ఆడటం లేదు. రేకు ఈ కొన నుంచి ఆ కొన దాకా ఒక్కసారి, మేక వీపులా, విదిలించింది. పసుపు నీళ్ళు రక్ష చొక్కా మీదా, అతని మొహం మీదా చిందాయి. మొహం తుడుచుకోకుండానే కటింగ్ మెషిన్ తీసుకుని, లాక్ పలక మధ్యగా దాన్ని రెండు ముక్కలు చేశాడు.

ఆ ఆదివారం రక్ష రేసుకు పోలేదు. వారానికి కొత్త బానెట్ వచ్చింది. తిరుమలేశ్ కంప్రెసర్ ఆపేసి, దాని మీద నీళ్ళు చల్లి నిలబడ్డాడు. పక్కనే రక్ష, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడింది.