కుక్క కరవని ఏడాది

ఆ రోజుల్లో నాకు అబద్ధమాడటం బాగా వచ్చనుకునేవాణ్ని. ఇరవై రెండేళ్ల వెర్రి నమ్మకాల్లో అదొకటి. కాశిబుగ్గలో మా చర్చి యువజనులం ఏటా గుడ్ ఫ్రైడేకి రక్తదాన శిబిరం పెట్టేవాళ్లం. మొదటి ఏడు అందరికంటే ముందు పడుకుని రక్తమిచ్చి, ఫొటో దిగాను. తర్వాత బ్లడ్ బ్యాంకు మేడమ్ పిలిపించి, మళ్లీ పరీక్షలు చేయించి, నాకు హెపటైటిస్ బి ఉందని, అది ఎప్పటినుంచో ఉన్నదేనని, ఇక ఎన్నడూ రక్తమివ్వకూడదని చెప్పింది. "కలిసి తింటే అంటదు తమ్ముడూ, ఫికర్ చెయ్యకు. ఇంట్లోళ్లకు మాత్రం టెస్టు చేయించి టీకాలు ఇప్పియ్యి," అంది. మొదటి మాట నమ్మలేదు, రెండోది చెయ్యలేదు. నా పళ్లెం వేరు పెట్టుకుని, స్నానాల గదిలో నల్లా తిప్పి ఏడ్చేవాణ్ని.

మరుసటి ఏటికి సాకు కావాలి. శిబిరం ఫారంలోనే దొరికింది (రక్తం ఎవరివ్వకూడదో అందులో వరుసగా ఉంటుంది; నాకదే పెద్దబాలశిక్ష). కుక్క కరిచిందన్నాను. పాస్టరుగారు ఆ కాటు కోసం సంఘమంతటి చేత ప్రార్థన చేయించారు. అమ్మ లేచి, "దేవుడే నా కొడుకును కాపాడిండు," అని కన్నీళ్లతో సాక్ష్యం చెప్పింది. నేను లేని గాయాన్ని చేత్తో కప్పుకుని కూర్చున్నాను. ఆపై ఏడు పచ్చబొట్టు వంతు. చూపించమంటారని మట్టెవాడలో నిజంగానే పొడిపించుకున్నాను. అమ్మ తిట్టదని సిలువే వేయించుకున్నా, అది వంకరగా వచ్చింది. అమ్మ నెలరోజులు మాట్లాడలేదు.

ఆ మరుసటి ఏడు అమ్మకే ఆపరేషన్. దవాఖానలో నర్సుతో, "నా కొడుకుది నాదీ ఒకటే గ్రూపు, వాడిస్తడు," అంది గర్వంగా. ఫారంలో సాకులింకా మిగిలే ఉన్నాయి, నాకే నోరు రాలేదు. మంచం పక్కన కూలబడి అంతా చెప్పేశాను.

అమ్మ దిండు మీంచి తల నా వైపు తిప్పింది. "అందుకేనా పళ్లెం వేరు పెట్టినవ్?"

"అవునమ్మా."

"మరి కుక్క?"

"కరవలేదు."

"పచ్చబొట్టు?"

"అది నిజమే."

"గదన్న అబద్ధమైతే బాగుండు గద కొడుకా," అంది నా చెయ్యి పట్టుకుని.

రక్తం మా యువజనులే ఇచ్చారు. అమ్మ టెస్టు ఫలితం వచ్చేదాకా ఆ రెండు రోజులు నేను బతికిలేను. నా సిగ్గు కోసం మూడేళ్లు ఆమెను ప్రమాదంలో పెట్టాను. ఆమెకు లేదని తేలింది; టీకాలూ వేయించాం.

ఇప్పుడు ప్రతి గుడ్ ఫ్రైడేకి ఫారాల బల్ల నాదే. "నువ్వియ్యవా అన్నా?" అంటే, నాకున్న జబ్బు పేరు చెప్తాను. వాళ్లు తల ఊపి తర్వాతి ఫారం అందుకుంటారు. ఈ ఒక్క మాట చెప్పలేక, అప్పుడెవడో నా పేరు పెట్టుకుని, వంకర సిలువ పొడిపించుకున్నాడు పాపం.