కండ్లెర్రజేసిన తాత

అండమాన్‌లో చేపలు చూద్దామని మొహానికి అద్దం బిగించుకుని సముద్రంలో దిగాను. అద్దంలోకి ఉప్పునీళ్ళు దూరాయి. ఒడ్డుకొచ్చేసరికి రెండు కళ్ళూ మిరపపండ్లలా ఎర్రబడి మండిపోతున్నాయి. వెంటనే నందివర్ధనం పూలు గుర్తొచ్చాయి.

జమ్మలమడుగు దగ్గర మా ఊళ్ళో ఎండాకాలమంతా పిల్లలం బావిలోనే ఉండేవాళ్ళం. కళ్ళు ఎర్రగా చేసుకుని ఇంటికి పోతే, మా అమ్మ తిడుతూనే పడుకోబెట్టి, తడిపిన నందివర్ధనం పూలు రెప్పల మీద పెట్టేది. ఆ చల్లదనానికి తిట్లు పూర్తికాకముందే నిద్రపట్టేది.

ఊళ్ళో రెండు పార్టీలు. ఒకరి వీధిలోకి ఒకరు పోరు. ఒకరోజు మా నాయన ఇంటికొచ్చి, "ఆ పార్టీ పెద్దాయన మనమీద కండ్లెర్రజేసినాడంట. ఇంగ ఏమైతాదో ఏమో" అన్నాడు. అమ్మ మొహం వాడిపోయింది.

పాపం, ఆ ముసలాయన కూడా బావిలో చాలాసేపు ఈదినట్టున్నాడు అనుకున్నాను. గౌను నిండా పూలు కోసుకుని ఆ వీధికి పరుగెత్తాను. పెద్దాయన ఇంటి ముందు మంచం మీద, చుట్టూ మనుషులతో కూర్చుని ఉన్నాడు.

"తాతా, నీ కండ్లు ఎర్రగైనాయంట గదా. ఈ పూలు పెట్టుకో, సల్లగుంటాది."



"ఎవురు సెప్పినారు పాపా?"

"మా నాయన."

 ఆయన మంచం మీద వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నాడు.

"పెట్టు మల్ల."

ఆ పూలతో పార్టీలేమీ ఒకటి కాలేదు. మా నాయన ఆయనతో ఎన్నడూ మాట్లాడలేదు. ఆయన మాత్రం బస్టాండులో నేనెదురైతే, వెంట ఎంతమంది ఉన్నా ఆగి అడిగేవాడు.

"ఈతకు పోతాండావా పాపా? కండ్లు జాగర్త."