అచ్చులో ఉన్నదే చదవండి

తెనాలిలో నేను ప్రూఫ్‌రీడరుగా ఉన్న ప్రెస్సు నుంచి ఒక శుభలేఖ అచ్చయి వెళ్ళింది. అందులో వధువు పేరు ఉండవలసిన చోట వధువు పేరుంది. వరుడి పేరు ఉండవలసిన చోట కూడా వధువు పేరే ఉంది. పెళ్ళివారు ఈ విషయాన్ని నేను ఆశించినంత తేలిగ్గా తీసుకోలేదు. ఓనరు నన్ను పిలిచి ప్రూఫు చేతికిచ్చాడు. కింద సంతకం నాదే. ఆ పేరు నా కంటికి రాలేదని చెబితే నమ్మరని ఊరుకున్నాను గాని, జరిగింది అదే. వాక్యం మధ్యలో చూపు నిలిపితే దాని మొదలు ఉండేది కాదు. ఇది అరవయ్యో దశకం మధ్యలో, నాకింకా నలభై నిండకముందు సంగతి.

అప్పటికే కొన్నాళ్ళుగా వీధి దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయి. వానాకాలం గదా అనుకున్నాను. వానాకాలం పోయింది, వలయాలు మాత్రం పోలేదు. తలుపు రెక్కలూ, నిలబెట్టిన సైకిళ్ళూ పక్కనుంచి వచ్చి నన్ను గుద్దడం మొదలుపెట్టాయి. కళ్ళద్దాలు మార్చాను. కొత్త అద్దాల్లోంచి ఆ వలయాలే మరింత స్పష్టంగా కనిపించాయి.

శుభలేఖ గొడవ తర్వాత మా ఆవిడ పద్మావతి పట్టుబట్టి కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన కంట్లో మందు వేసి, గుడ్డు మీద ఏదో పరికరం ఆనించి, ఐ టెన్షన్ చాలా ఎక్కువగా ఉందన్నాడు. టెన్షన్ అంటే బెంగ కాదు, కంటి లోపలి ఒత్తిడి. పక్కచూపు ఎంత మిగిలిందో చూసే ఫీల్డ్ టెస్ట్ కూడా చేసి కూర్చోబెట్టాడు.

“గ్లకోమా అండి. ఆప్టిక్ నర్వ్, అంటే కంటి నరం, చాలావరకు దెబ్బతింది. పోయిన చూపు నేను తేలేను. మిగిలింది పోకుండా చూద్దాం.”

పైలోకార్పిన్ చుక్కలు రాసిచ్చాడు. అవి వేసుకుంటే కన్ను మండేది, మధ్యాహ్నమే సాయంత్రమైపోయేది. చుక్కలతో టెన్షన్ లొంగకపోతే గుంటూరులో ఆపరేషన్ చేశారు. కుడికన్ను ఆ తర్వాత నాకేమీ చూపించలేదు. ఎడమకన్ను కొంతకాలం గొట్టంలోంచి చూపించి, అదీ మానుకుంది. తాము చేయగలిగిందంతా చేశామన్నారు. నిజమే. నా ఉద్యోగానికి మాత్రం అది చాలలేదు.

ఆపరేషనయి ఇంటికి పంపేరోజున డాక్టరు జాగ్రత్తలు చెప్పాడు. కళ్ళకు కట్టు ఉన్నా చెవులు పనిచేస్తూనే ఉన్నాయి. అయినా ఆయన నాతో కాకుండా పద్మావతితో చెప్పాడు. “వంగనీయకండమ్మా. దగ్గనీయకండి. మలబద్ధకం రానీయకండి. ముఖ్యంగా ఏడవనీయకండి.” గాజు సామానును భద్రంగా పట్టుకెళ్ళమన్నట్టు వినిపించింది.

ఆ రోజు నుంచి లోకమంతా ఆయన పద్ధతే పట్టింది. పద్మావతి రేపల్లెలో టీచరు ఉద్యోగం సంపాదిస్తే అక్కడికి మారాం. చూడ్డానికి వచ్చినవాళ్ళు నా ఎదురుగా కూర్చుని, ఆయన కాఫీ తాగుతారా అని ఆవిణ్ణి అడిగేవాళ్ళు. తాగుతానని నేను జవాబు చెబితే కుర్చీ మాట్లాడినట్టు ఉలిక్కిపడేవాళ్ళు. వెళ్ళేటప్పుడు తల నిమిరి వెళ్ళేవాళ్ళు. మనిషి తల మీద నూనె చేతులు ఎంత అసహ్యంగా ఉంటాయో అప్పుడు తెలిసింది.

నాకు కావలసింది తల నిమరడం కాదు, పుస్తకం. రేపల్లె లైబ్రరీకి వెళ్ళాం. పద్మావతి ఒక మూల కూర్చుని మెల్లగా చదివి వినిపించబోతే లైబ్రేరియన్ పరుగున వచ్చాడు. గోడ మీద నిశ్శబ్దం అని బోర్డుందట.

“చదవడమంటే మనసులో చదవడమండి,” అన్నాడు.

నా మనసులోకి పుస్తకం వెళ్ళే దారి ఆవిడ గొంతేనని చెప్పాను. ఆయన చాలా బాధపడ్డాడు. బాధపడి, ఇంటికి తీసుకెళ్ళమని పురాణం ఒకటి చేతిలో పెట్టాడు. కళ్ళు పోయినవాడికి వెంటనే భక్తి పుడుతుందని ఈ దేశంలో అందరికీ ఎవరు చెప్పారో తెలియదు. పురాణం తిరిగిచ్చి నవలలు తెచ్చుకున్నాం.

పద్మావతి బాగా చదువుతుంది. నాలుగో తరగతికి చెప్పేవాళ్ళ గొంతు కదా, ఒక్క అక్షరం మింగదు. అలా రెండేళ్ళు గడిచాయి. ఈ కాలంలో తెలుగు నవలా రచయితలందరూ ఒక్కసారిగా సౌమ్యులైపోయారని గమనించాను. ఎంత కష్టాల కథయినా చివరికి సుఖంగా ముగిసేది. క్షయ రోగులు కోలుకునేవాళ్ళు. విడిపోయిన మొగుడూ పెళ్ళాలు రైలు స్టేషనులో కలుసుకునేవాళ్ళు. సాహిత్యం దిగజారిపోతోందని నాలో నేను విసుక్కున్నాను.

ఆ విసుగుతోనే ఒకసారి బాపట్లలో మా అక్కగారింటికి వెళ్ళాం. భోజనాల దగ్గర బావగారు ఆమధ్య నేను విన్న నవల గురించే ఎత్తారు. చివర్లో ఆ పిల్ల బావిలో దూకడం తనకు నచ్చలేదన్నారు.

“దూకడమేంటి బావగారూ? పెళ్ళయింది గదా,” అన్నాను.

“పెళ్ళా? ఎవరితో? బావిలో కప్పతోనా?”

పందిరి వేశారనీ, మేనమామ బుట్టలో మోసుకొచ్చాడనీ వివరంగా చెప్పాను. ఆయన పుస్తకం తెచ్చి చివరి పేజీ గట్టిగా చదివారు. అందులో పందిరి లేదు. బావి ఉంది. అక్క నవ్వింది. “కళ్ళతోపాటు మతి కూడా పోయిందేంట్రా?” అంది. పద్మావతి నాకు ఇంకో గరిటె పప్పు వేసింది. నేను అడగలేదు.

తెనాలిలో దిగి రేపల్లె బండి ఎక్కాక, అది కదలకముందే అడిగాను.

“ఎన్ని పుస్తకాలు మార్చావు?”

“ఏడుపుగా ఉన్నవే మార్చానండి. మిగతావి ఉన్నట్టే చదివాను.”

“ఎందుకు?”

“డాక్టరుగారు మిమ్మల్ని ఏడవనీయొద్దన్నారు గదా.”

“అది కుట్లు ఆరేదాకా.”

“దాకా అని ఆయన చెప్పలేదు. మీరూ అడగలేదు,” అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, “ఆ కంట్లోంచి నీళ్ళొస్తే ఏమవుతుందోనని నేను ఎంత భయపడ్డానో మీకేం తెలుసు?” అంది.

నాకు ఒళ్ళంతా రోత పుట్టింది. అదంతా ఆవిడ మీదే కాదు, నా మీద కూడా. అచ్చులో ఒక్క కొమ్ము తేడా ఉంటే పట్టుకుని జీతం తీసుకున్నవాణ్ణి, రెండేళ్ళపాటు ఆనందంగా మోసపోయాను. డాక్టరు నుంచి పెళ్ళాం దాకా ప్రతివాడూ నాకు ఏది మంచిదో నిర్ణయించి, ఆ మేరకు వడకట్టి పోస్తున్నాడు. నాకూ పుస్తకానికీ మధ్య ఇక ఎవరూ ఉండకూడదని బండి రేపల్లె చేరేలోపు నిశ్చయించుకున్నాను.

అంధుల పాఠశాలకు ఉత్తరం రాయించాను. వాళ్ళు వేలికి తగిలే ఉబ్బెత్తు చుక్కల బ్రెయిలీ అక్షరాల పటం, పిల్లల వాచకం పంపారు. పద్మావతే ముందు ఆ చుక్కలు కళ్ళతో నేర్చుకుని, నా వేలు పట్టుకుని దిద్దించింది. తన పని తానే పోగొట్టుకుంటున్నట్టు తెలిసే నేర్పింది. డిగ్రీ చదివిన నాకు ‘ఆవు పాలు ఇచ్చును’ అనే వాక్యం చదవడానికి ఒక పూట పట్టింది. అయినా ఆ పాలు ఎవరూ కలపనివి.

తర్వాత లైబ్రరీ మీద పడ్డాను. బ్రెయిలీ నవల తెప్పించమని ఎన్ని అర్జీలు పెట్టానో చెప్పను, లైబ్రేరియన్ నొచ్చుకుంటాడు. చివరికి చేత్తో పొడిచి తయారుచేసిన తెలుగు నవల ఒకటి వచ్చింది. మూడు భాగాలు. ఒక్కో భాగం పీటంత ఉంది. మొదటి రెండూ ఇంటికి తెచ్చుకుని వేలితో చదువుకున్నాను. నెలలు పట్టింది. అందులో భర్త జబ్బుపడ్డాడు. బతుకుతాడో లేదో నాకంటే ముందు ఎవరికీ తెలియదు. అంత సంతోషంగా నేనెప్పుడూ ఆందోళనపడలేదు.

మూడో భాగం కోసం వెళ్తే లైబ్రేరియన్ గర్వంగా చేతిలో పెట్టాడు. పలచగా, చక్కగా ఉంది. తెరిచి వేలు పెట్టాను. ఏమీ తగల్లేదు. ఇంకో పేజీ. అక్కడక్కడా ఒక చుక్క, అంతే.

“ఉబ్బుగా ఉంది సార్, బీరువాలో పట్టట్లేదు. అందుకని బైండరు చేత మరలో బిగించి నున్నగా చేయించాను. తమరికోసమని కాలికో గుడ్డ అట్ట కూడా వేయించాను,” అన్నాడు.

రాష్ట్రంలో ఎన్ని లైబ్రరీలున్నా పుస్తకాన్ని ఇస్త్రీ చేసి చెరిపేసిన ఘనత మాదేనని చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. నా పక్కనున్న పద్మావతి ఆయనకు ఆ చుక్కలేంటో చెప్పింది. ఆయన కుర్చీలో కూలబడిన చప్పుడు వినిపించింది. తిట్టడానికి కూడా వీల్లేని మంచివాళ్ళతో వేగడం కంటే దరిద్రం లేదు.

“ఈ నవల అచ్చు ప్రతి ఇక్కడే ఉందండి,” అంది పద్మావతి. “చివరి భాగం నేను చదవనా?” అంది.

ఇంకో బ్రెయిలీ ప్రతి వచ్చేదాకా ఆగొచ్చు. ఎప్పుడొస్తుందో, అసలొస్తుందో లేదో.

“ఉన్నది ఉన్నట్టు?” అన్నాను.

“ఉన్నది ఉన్నట్టే.”

లైబ్రేరియన్ బోర్డు సంగతి ఎత్తలేదు. బల్ల దగ్గరే కూర్చుని ఆవిడ చదివింది. చుట్టూ పేపర్లు చదివేవాళ్ళు పేపర్లు తిప్పడం మానేశారు. చివర్లో, భర్త మంచం దగ్గర, ఆవిడ గొంతు ఆగింది. నేను ఎదురుచూశాను. అతన్ని బతికించాలంటే అదే అదును. ఆవిడ గొంతు సవరించుకుని, అతన్ని చంపేసింది.

ఇప్పుడు బ్రెయిలీలో దొరికినవి నేనే చదువుకుంటాను. దొరకనివి ఆవిడ చదువుతుంది. లైబ్రరీలో రోజూ సాయంత్రం వెనక వరండాలో గట్టిగా చదువుకోవచ్చు. అక్కడ బోర్డు లేదు. చూపు రాలేదు, రాదు. తల నిమిరేవాళ్ళు ఇంకా వస్తున్నారు.

ఆసుపత్రి నుంచి ఇంటికి బయలుదేరబోయేవాళ్ళకు ఒకే సలహా. డాక్టరు చెప్పిన ప్రతి వద్దుకీ, ఎప్పటివరకు అని అడగండి. రోగే అడిగితే మరీ మంచిది. ఆయన జవాబు పక్కవాళ్ళకు చెప్పబోతే, కోటు దొరకబుచ్చుకుని మీ వైపు తిప్పుకోండి.