హిమానీనదం మీద కొబ్బరి వాసన

ఎదుటివారు పనిలో ఉండగా చేతులు ముడుచుకుని కూర్చోవడం జనార్ధనరావు గారికి చేతకాని విద్య. కెనడాలోని సర్రీలో ఎవరింటికి భోజనానికి పిలిచినా, చివరకు ఆయన వంటగదిలో తడిగుడ్డ పట్టుకుని గిన్నెలు తుడుస్తూ కనబడేవారు. ఉద్యోగం కూడా ఆ స్వభావానికి తగినట్టే దొరికింది. ఒక ప్రైవేటు కళాశాలలో, విదేశాలనుంచి వచ్చే విద్యార్థులకు సలహాదారు.

విద్యార్థులు వెల్లువగా వచ్చిపడుతున్న సంవత్సరాలవి. ఒకప్పుడు రోజుకు పదిమంది వచ్చే ఆయన గది ముందు ఇప్పుడు మెట్లదాకా వరుస. పేర్లు కలిసిపోయేవి, ఊళ్లు కలిసిపోయేవి. నిన్న ఎవరికేమి చెప్పారో ఇవాళ గుర్తుండేది కాదు. అయినా అడిగినవారిని ఉత్త చేతులతో పంపడం ఇష్టంలేక, తెలిసినదీ తెలిసీ తెలియనిదీ ఒకే ధైర్యంతో చెప్పేవారు. తేజశ్రీ అనే గుంటూరు అమ్మాయి ఒక కోర్సు వదిలేయవచ్చా అని అడిగితే, నిశ్చింతగా వదిలేయమన్నారు. దానివల్ల ఆమె ఫుల్‌టైమ్ విద్యార్థినిగా లెక్కకు రాకుండా పోయి, వర్క్ పర్మిట్ చిక్కులో పడింది. నిబంధనలు చదువుకోకపోవడం ఆ పిల్ల తప్పేనని ఆఫీసువారు తేల్చారు. జనార్ధనరావు గారు ఆ సమావేశంలోనే ఉన్నారు, నోరు విప్పలేదు. మెట్లమీద ఎదురైనప్పుడు ఆమె "పర్వాలేదు అంకుల్" అని వెళ్లిపోయింది. అది క్షమించడమో, దెప్పడమో ఆయనకు ఈనాటికీ బోధపడలేదు.

స్కీయింగు ఆయనకు అబ్బింది కూడా ఒకరి పని మీద వెళ్లబట్టే. కూతురు రూపను పాఠాలకు తీసుకువెళ్లి, ఊరికే కూర్చోలేక తానూ స్కీలు కట్టుకున్నారు. రూప రెండేళ్లకు మానేసింది, ఆయన మానలేదు. ఆ ఏప్రిల్లో కొండల మీద అయిదురోజుల యాత్రకు పేరు రాయించినది మాత్రం భార్య సుగుణ. హిమానీనదాల మీదుగా నడుస్తూ, రోజుకొక హట్‌లో, అంటే కొండవాలున కట్టిన చెక్క గుడిసెలో, బస చేస్తూ సాగే యాత్ర అది. "అక్కడైనా మిమ్మల్ని ఎవరూ సలహా అడగరు," అంటూ ఆమె సంచిలో చిన్న కొబ్బరినూనె సీసా పెట్టింది. చలికి చేతులు పగులుతాయని.

యాత్రకు పెద్ద గైడు గార్త్, మితభాషి. అతని కింద రేష్మీ, ముప్ఫై ఏళ్ల శిక్షణ గైడు. ఆమె సర్రీలోనే పెరిగింది. పూర్వులు ఫిజీ చెరుకు తోటలకు వెళ్లిన తెలుగువారు. వ్యానులో జనార్ధనరావు గారి పేరు వినగానే వెనక్కి తిరిగి, "మా ఆజీ, అంటే నాయనమ్మ, తెలుగు మాట్లాడేది అంకుల్. నాకు కొంచెమే వచ్చు. తిట్లయితే బాగా వచ్చు," అంది. గార్త్ ఈ అయిదురోజుల మీద రాసే రిపోర్టును బట్టే ఈ ఏడు ఆమెను చివరి పరీక్షకు రానిస్తారు. కిందటేడు ఒకసారి తప్పింది. ఆ సంగతి ఆమే చెప్పింది, నవ్వుతూనే. చేతివేళ్లు మాత్రం సీటు బెల్టును నలుపుతూనే ఉన్నాయి.

మొదటి సాయంత్రం హట్‌లో రేష్మీ తనవీ, తోటి యాత్రికులిద్దరివీ స్కిన్లను పొయ్యికి దూరంగా తాడు మీద ఆరేసింది. స్కిన్ అంటే స్కీ అడుగున అంటించే పొడవాటి పట్టీ. ఒకవైపు నూగు; అది ఎక్కేటప్పుడు వెనక్కి జారనివ్వదు. రెండోవైపు జిగురు. ఆ జిగురే లేకపోతే కొండ ఎక్కే మాటే లేదు. జనార్ధనరావు గారు తమ పట్టీలను ముందే మడిచి, గైడ్లు చెప్పినట్టుగా కోటు లోపల పెట్టుకున్నారు. గార్త్ కూడా తనవి తానే చూసుకున్నాడు.

తరువాత జనార్ధనరావు గారు గడ్డకట్టిన నూనె సీసాను వేడినీళ్లలో నిలబెట్టి కరిగించి, పగిలిన అరచేతులకూ, మోచేతులకూ, అరికాళ్లకూ తృప్తిగా మర్దన చేసుకున్నారు. తోటి యాత్రికులు, కాల్గరీ వైద్య దంపతులు, తమకు వద్దన్నారు. రేష్మీ నీళ్లకోసం కరగబెట్టడానికి మంచు తేవడానికని బయటికి వెళ్లింది. గార్త్ మ్యాపు చూస్తున్నాడు. తాడు మీద ఆరు పట్టీలు ఆరిపోయి ఉన్నాయి. పాపం, ఆ పిల్లకు ఈ పనైనా తప్పుతుందనుకుని, ఆయన ఒక్కొక్కదాన్నీ తీసి, గంజిపెట్టిన ఉత్తరీయాన్ని మడిచినంత శ్రద్ధగా, ముడతలు లేకుండా అరచేత్తో నిమిరి, జిగురుకు జిగురు కలిపి మడిచి బల్లమీద పేర్చారు. చేసినపని చెప్పుకోవడం బాగుండదని ఎవరితోనూ అనలేదు. తిరిగివచ్చిన రేష్మీ ఆ దొంతరను చూసి, గార్త్ చేశాడనుకుంది కాబోలు, అలాగే సంచిలో పెట్టుకుంది.

మర్నాడు హిమానీనదం మీద అందరూ ఒకే తాడుకు కట్టుకుని బయలుదేరారు. మంచు కింద పగుళ్లుంటాయి గనుక తాడు వదులు కాకుండా నడవాలి. గంట గడిచేసరికి మబ్బు దిగింది. నేలా ఆకాశమూ ఒకే తెల్లదనమై, ముందున్న మనిషి కూడా గాలిలో వేలాడుతున్నట్టు కనబడసాగాడు. ఎక్కుతున్నామో దిగుతున్నామో జనార్ధనరావు గారికి తెలియలేదు.

అప్పుడు వైద్యురాలి పట్టీ ఒకటి ఊడింది. రేష్మీ తుడిచి అంటించింది. పది అడుగులకు మళ్లీ ఊడింది. తరువాత ఆమె భర్తది. ఆ తరువాత రేష్మీదే. టేపు చుట్టారు, బెల్టులు బిగించారు, ఏదీ నిలవలేదు. గార్త్‌వి ఊడలేదు. జనార్ధనరావు గారివీ ఊడలేదు. ఇదేమి చిత్రమో ఆయనకు అర్థం కాలేదు. చలి అందరికీ ఒక్కటే, మంచూ ఒక్కటే. తన నడకలో ఏదో నైపుణ్యమున్నదేమోనని ఒక క్షణం గర్వం కూడా కలిగింది.

గార్త్ నెమ్మదిగా అడిగాడు, రాత్రి పట్టీలను పొయ్యికి దగ్గరగా వేలాడదీశావా అని. లేదంది రేష్మీ. ఆ తరువాత, కచ్చితంగా చెప్పలేనంది. ఆమె దూరంగానే కట్టడం జనార్ధనరావు గారు కళ్లారా చూశారు. అడిగేవారి కళ్లముందు తాను చేసినదాన్నే అనుమానించడం మొదలుపెట్టిన మనిషి ముఖం ఎలా ఉంటుందో ఆయన ఆఫీసు గదిలో చాలాసార్లు చూసి ఉన్నారు.

గార్త్ కత్తితో జిగురును గీకి చూసి, ఏమీ తేల్చుకోలేక ఆ పట్టీని ఆమెకు అందించాడు. రేష్మీ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. తరువాత జనార్ధనరావు గారి వైపు ఒక్కసారి చూసి, కళ్లు దించుకుంది. ఆ పట్టీని ఆయన కూడా చేతిలోకి తీసుకున్నారు. అంతటి మంచులో, చెట్టన్నది లేని ఆ ఎత్తులో, తల దువ్వుకునే వేళ తమ ఇంట్లో వచ్చే వాసన.

ముందు ఆయనకు తట్టినది సుగుణ సీసా. ఆ తరువాత ఆరు పట్టీలూ, తన అరచేయీ. నూనె వల్ల జిగురు చెడుతుందా? చెడుతుందని ఎవరైనా చెప్పారా? చెప్పే ఉంటారు; తాను వినలేదేమో. చెప్పకపోతే తప్పు ఎవరిది? రేష్మీ ఎందుకు నోరు మెదపడంలేదు? పెద్దాయనను పదిమందిలో తక్కువ చేయడమెందుకని ఆజీ నేర్పిందా? లేక చెప్పినా ఉపయోగం లేదనా? అవతల గార్త్ చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకోబోతున్నాడు. జనార్ధనరావు గారికి మెట్లమీద తేజశ్రీ అన్న మాట చెవిలో పడినట్టయింది.

"గార్త్, ఆగు," అన్నారాయన ఇంగ్లీషులో. "వాటిని మడిచింది నేను. నా చేతులకు నూనె ఉంది. ఆ అమ్మాయికి తెలియదు. నేను చెప్పలేదు."

గార్త్ ఆయన చేతి గ్లవ్స్ వైపు చూశాడు. "మంచిది, ఇప్పటికైనా తెలిసింది," అన్నాడు. తరువాత రేష్మీతో, పట్టీలను ఎవరు ముట్టుకున్నారో కనుక్కోవడం కూడా గైడు పనేనన్నాడు. పుస్తకంలో రాశాడు. ఏమి రాశాడో కనబడలేదు. రెండో హట్ మాట మానుకుని, తమ జాడలు పూడిపోకముందే వెనక్కి మళ్లించాడు.

తిరుగుదారిలో ఆయన మనసు కుదుటపడలేదు. నిజం చెబితే ఆ పిల్ల బరువు దిగిపోతుందనుకున్నారు. దిగిందా, ఇంకో బరువు ఎక్కిందా? చెప్పకపోయినా బాగుండేది కాదు. చెప్పినా పూర్తిగా బాగుపడలేదు.

హట్ చేరాక రేష్మీ గిన్నె వేడిచేసి, జిగురు మీద కాగితం పరచి, పైన గిన్నె అడుగును ఆనించి నూనెను కాగితానికి పట్టించసాగింది. ఆయన గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. జీవితంలో మొదటిసారి, పక్కన పని జరుగుతుంటే ముట్టుకోవడానికి భయపడ్డారు.

"నీ పరీక్ష ఏమవుతుందమ్మా?"

"తెలీదు అంకుల్. ఇంకా మూడు రోజులు చూస్తానన్నాడు." ఆమె తలెత్తలేదు. "నేనూ అడగాల్సింది, ఎవరు మడిచారని. రాత్రి చూసి హ్యాపీగా సంచిలో పెట్టేసుకున్నా."

"వాసన తెలిసి కూడా నువ్వెందుకు చెప్పలేదు?"

రేష్మీ నూనె పట్టిన కాగితాన్ని మార్చింది. "మీరు చెప్తారేమో అని చూశా," అంది. ఆ వెంటనే, "చెప్పకపోతే ఏం చేసేదాన్నో నాకూ తెలీదు," అని నవ్వింది. "ఇంకా నాలుగు పట్టీలున్నాయి. చేతులు కడుక్కుని రండి."

ఆయన గిన్నెలు తోమే సబ్బుతో మోచేతులదాకా రెండుసార్లు రుద్దుకుని, కరిగిన మంచునీళ్లతో కడుక్కుని, వేళ్లు ఎర్రబడేలా తుడుచుకుని వచ్చారు. రెండు అరచేతులూ పరీక్షకు పెట్టినట్టు చాపారు. రేష్మీ వంగి వాసన చూసింది.

"ఇంకొకసారి," అంది.

ఆయన మళ్లీ సబ్బు దగ్గరికి వెళ్లారు.