ఏడూ ఐదు

ఇరవై ఏళ్ల పైమాట. ఒక సున్నాని మోస్తున్నాను. నవ్వొస్తోందా? నవ్వండి. సున్నాకి బరువేమిటని నేనూ మొదట్లో అనుకున్నదాన్నే.

మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. మా ఆయనకి చెప్పలేదు. పిల్లలకి చెప్పలేదు. ఒకసారి మా అమ్మకి చెప్పబోయి, కూరలో ఉప్పెక్కువైందని మాట మార్చేశాను.

నేను పోర్ట్‌బ్లెయిర్లోనే పుట్టాను. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నాకూ ఒక సర్కారీ గోడౌనులో గుమాస్తా ఉద్యోగం దొరికింది. అప్పుడే మా ఆఫీసుకి కంప్యూటర్ కొత్తగా వచ్చింది. దాన్ని ముట్టుకోవడానికి అందరూ భయపడేవారు. నేను భయపడలేదు. మూడు నెలల కోర్సు చేసొచ్చానన్న పొగరు. అవును, పొగరే, ఇంకో మాట వెతకను.

గోడౌనులో ఆరుగురు డైలీ మజ్దూర్లు ఉండేవారు. పొద్దున్న ఏడుకి పని. ఏడుంబావు దాకా మాఫీ, అది దాటితే లేటు. గేటు దగ్గర చౌకీదారు ఎవరెన్నింటికి వచ్చారో పుస్తకంలో రాసేవాడు. ఆ ఏడాది ఒకే ఒక్క పర్మినెంటు పోస్టు వచ్చింది. సీనియారిటీలో అందరికన్నా ముందు అప్పలనరసమ్మ. పదకొండేళ్లుగా ఊడుస్తోంది, బస్తాలు కుడుతోంది. మొగుడు లేడు, ఒక్క కూతురు. హాజరు బాగుంటే చాలు, పోస్టు ఆవిడదే. ఆ హాజరు లెక్క తీసే పని నాకిచ్చారు. ఏడాది పుస్తకమంతా రెండు రోజుల్లో కంప్యూటర్లోకి ఎక్కించాలి.

నేను ఒక్క పూటలో ఎక్కించాను.

ఎలాగంటారా? మామూలుగా టైము కొట్టాలంటే గంటకీ నిమిషానికీ మధ్య రెండు చుక్కలు పెట్టాలి. దానికి రెండు మీటలు కలిపి నొక్కాలి. ప్రతిసారీ చెయ్యి ఆగుతుంది. నాకు ఆగడం ఇష్టం లేదు. నేనొక ఫార్ములా రాసుకున్నాను. 655 అని కొడితే చాలు, షీటే దాన్ని 6:55 చేసేస్తుంది. ఎడమచేతి వేలు పుస్తకం మీద, కుడిచేతి వేళ్లు అంకెల మీద. టకటకటక. చుట్టూ జనం చేరి చూశారు. ఆ చూపులు నాకెంత రుచించాయో ఈ రోజుకీ గుర్తుంది.

మధ్యలో ఒకచోట షీటు మొరాయించింది. మూడంకెలు ఉండాల్సిన చోట రెండే ఉన్నాయి, 75 అని. చౌకీదారు 7-5 అని రాశాడు. మా దగ్గర అందరం అలాగే రాస్తాం, ఏడూ ఐదు అంటే ఏడు దాటి ఐదు నిమిషాలు. మధ్యలో సున్నా ఎవరూ పెట్టరు. నేనేం చెయ్యాలి? ఒక్క క్షణం ఆగి, సున్నా ముందా వెనకా అని ఆలోచించాలి. ఆలోచించలేదు. రెండంకెలే వస్తే పదితో గుణించెయ్యమని ఫార్ములాకి చెప్పేశాను. సున్నా ఐదుకి వెనక చేరింది. షీటు కిక్కురుమనకుండా ఒప్పుకుంది. మళ్లీ టకటకటక.

మిగతా ఐదుగురూ డిగ్నాబాద్ వైపు నుంచి నడిచో సైకిలు మీదో ఏడుకి ముందే వచ్చేవారు. అప్పలనరసమ్మ ఒక్కతే అవతలి ఒడ్డు బాంబూఫ్లాట్ నుంచి రావాలి. మొదటి బోటెక్కి, జెట్టీలో దిగి, గబగబా నడిచినా గేటు చేరేసరికి ఏడూ ఐదు. ఏడాది పొడుగునా ఏడూ ఐదు, ఏడూ ఐదు, ఎప్పుడైనా ఏడూ ఆరు. నా షీటులో అవన్నీ ఏడూ యాభై, ఏడూ యాభై, ఏడూ అరవై అంటే ఎనిమిది.

లిస్టులో ఆవిడ పేరు పోయింది. హాజరు షీటులో ఆ పేరు పక్కన నేనే టైపు చేశాను, రోజూ లేటు అని.

మర్నాడు పొద్దున్న ఆవిడ నా బల్ల దగ్గరికొచ్చింది. చేతిలో చీపురు అలాగే ఉంది. ఈ మాటలు మాత్రం అక్షరం పొల్లుపోకుండా చెప్పగలను.

"దీదీ, లిస్టుల నా పేరు నేదంట. ఏటైంది?"

"రోజూ లేటు పిన్నీ. కంప్యూటర్లో ఏడూ యాభై అని వచ్చింది."

"అదేటి? రోజూ ఫస్టు బోటుకే గదా వత్తన్నాను! గేటుకాడ చౌకీదార్ భయ్యాని పూఛో, ఆడే సెప్తాడు."

"భయ్యా రాసిందే నేను ఎక్కించాను."

"కంప్యూటర్ గల్తీ సెయ్యదా దీదీ?"

"చెయ్యదు పిన్నీ. గల్తీలు మనుషులే చేస్తారు."

ఎంత బాగా చెప్పానో చూడండి. నోటికి పురుగులు పడవా?

ఆవిడ బల్ల మీదికి వంగింది. "ఒక్కపాలి ఆ కాయితం బుక్కు తీసి సూడు. నాకోసం," అంది. ఇవాళ తీరిక లేదన్నాను. అప్పుడు చీపురు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని, మెల్లిగా అంది. "అయితే నాదే గల్తీ అయ్యుంటాది. నాకు గడియారం నేదు గదా."

ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు. అన్నం డబ్బా మూత పెట్టేసి పుస్తకం తీశాను. 7-5. తెర మీద 7:50. ఇంకో పేజీ తిప్పాను. 7-5. ఇంకోటి. నాకు ఏ పేజీ దగ్గర అర్థమైందో తెలుసా? మొదటి పేజీ దగ్గరే. మిగతావి ఎందుకు తిప్పానంటే, ఎక్కడో ఒకచోట ఆవిడ నిజంగా లేటయి ఉండాలని. ఒక్కటైనా దొరకాలని దేవుడికి మొక్కుకున్నాను. దొరకలేదు.

పోస్టు ఫైలు ఇంకా పై ఆఫీసుకి వెళ్లలేదు. ఇది మీరు బాగా వినాలి. వెళ్లిపోయిందని ఇన్నేళ్లు నాకు నేనే చెప్పుకున్నాను, కానీ వెళ్లలేదు. మా హెడ్‌గుమాస్తాని బడాబాబు అనేవాళ్లం, ఆయన బల్ల మీదే ఎర్ర తాడు కట్టి ఉంది. మూడింటికి మనిషొచ్చి తీసుకెళ్తాడు. అప్పుడు టైము రెండుంబావు. నా బల్లకీ ఆ బల్లకీ మధ్య పదిహేను అడుగులు. పుస్తకం గుండెలకి హత్తుకుని నడిచాను. బడాబాబు తలెత్తి, శాబాష్ బేటీ, ఒక్క పూటలో ఏడాది పని, సాబ్ నిన్ను తక్కిన ఆఫీసులకీ పంపి ఈ పద్ధతి నేర్పిస్తారట అన్నారు. నేను నవ్వాను. పుస్తకం ఎందుకు తెచ్చావన్నారు. బీరువాలో పెట్టడానికన్నాను. పెట్టేశాను. అడుగు అరలో, పాత పుస్తకాల కింద.

మూడింటికి మనిషొచ్చాడు. తేలు కుట్టిన దొంగలా చూస్తూ కూర్చున్నాను.

ఎందుకు? నాకే తెలిస్తే బాగుండు. ఉద్యోగం పోతుందనా? పోదు, ఒక చీవాటుతో పోయేది. తప్పు చేశానని చెబితే ఆ చుట్టూ చేరిన చూపులు మారిపోతాయని. అంతే. ఆవిడ బతుకు ఒకవైపు, నా శాబాష్ ఒకవైపు పెట్టి తూచుకున్నాను. వచ్చే ఏడు ఇంకో పోస్టు వస్తుందిలే అని సర్దిచెప్పుకున్నాను కూడా. ఆవిడ పనిలో ఉన్నన్నాళ్లూ రాలేదు. ఫార్ములా మాత్రం ఆ సాయంత్రమే సరిచేశాను. అది సరిచెయ్యడానికి ఎంతసేపు పట్టిందో చెప్పనా? నిమిషం.

ఇక్కడితో అయిపోతే ఇంతగా కుమిలేదాన్ని కాదేమో. నెల తిరిగేసరికి అప్పలనరసమ్మ పొద్దున్న ఆరున్నరకే గేటు మెట్టు మీద కూర్చుని కనబడసాగింది. అంత పొద్దున బోటే లేదు కదా అనుకున్నాను. చౌకీదారు చెప్పాడు. డిగ్నాబాద్‌లో ఎవరో తెలిసినవాళ్ల వరండాలో పడుకుంటోందట. కూతుర్ని బాంబూఫ్లాట్‌లో పక్కింటివాళ్లకి అప్పజెప్పింది. ఆదివారం ఒక్కరోజు వెళ్లి చూసొస్తుంది. ఆ పిల్ల అప్పుడు తొమ్మిదో తరగతి. తల్లి దగ్గర లేకుండా ఆ పిల్ల రెండేళ్లు ఎలా ఉందో, అడిగే మొహం నాకు లేదు. పది తప్పిందని మాత్రం విన్నాను.

లేటు రాని మనిషి, లేటు మానుకోవడానికి ఇల్లు వదిలేసింది. ఒకరోజు నన్ను ఆపి మణికట్టు చూపించింది. కొత్త గడియారం. పది నిమిషాలు ముందుకి పెట్టుకుందట. నువ్వు సెప్పబట్టే బుద్ధొచ్చింది దీదీ అని నవ్వింది. ఆ నవ్వుకి నేను చచ్చిపోవాల్సింది. టీ తాగుతావా పిన్నీ అన్నాను.

మొన్న జెట్టీలో కనబడింది. మోకాళ్లు పోయాయి, కూతురు చెయ్యి పట్టుకుని మెట్లు దించుతోంది. నన్ను గుర్తుపట్టింది. బెంచీ మీద పక్కనే కూర్చున్నాను. బోటు ఆలస్యమైంది. ఆవిడ మాటిమాటికీ గడియారం చూసుకుంటోంది, వెళ్లాల్సిన పనేమీ లేకపోయినా. చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను. కూతురు నావైపు చూసింది. బోటు వచ్చింది, వాళ్లు ఎక్కారు.

ఆవిడకి చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. ఆవిడకి చదువు రాదు. కూతురికి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు, ఇక్కడ బడిలో చదివింది హిందీ. అది తెలిసే తెలుగులో రాస్తున్నానా? అయ్యుంటుంది. నా పిరికితనం నాకు కొత్త కాదు. క్షమించమని అడగను. క్షమించాల్సింది మీరు కాదు.

ఒక్కటి మాత్రం ఎక్కడో ఒకచోట, నా చేత్తో, సరిగ్గా రాసి ఉండాలి. అందుకే ఇదంతా. ఈసారి నెమ్మదిగా, మధ్యలో చుక్కలు పెట్టి, సున్నా దాని చోట పెట్టి రాస్తున్నాను.

అప్పలనరసమ్మ. వచ్చిన టైము 7:05. ఏడాది పొడుగునా. లేటు లేదు.